వెనుక కూర్చునేవారి సీటు

మా ఉయ్యూరులో మోటారుసైకిలు కొనదలచినవాడు మైలేజి గురించి ఇరవైమందిని అడుగుతాడు, ఇంజను గురించి పదిమందిని అడుగుతాడు, రంగు విషయంలో భార్యాబిడ్డలతో తగవు పడతాడు. సీటు గురించి మాత్రం ఎవ్వరినీ అడగడు. బండితో పాటు వచ్చేదే కదా అనుకుంటాడు. ఆరు నెలలు తిరిగేసరికి నడుము పట్టేస్తుంది. అప్పుడు బజారుకు వెళ్ళి, వరుసగా వేలాడదీసిన రెడీమేడ్ సీట్లలో ఒకదానిని బొటనవేలితో నొక్కి చూసి, "మెత్తగా ఉంది" అని డబ్బు లెక్కపెట్టి వస్తాడు. ఇంత ఖచ్చితంగా ఎలా చెబుతున్నానంటే ఆ బొటనవేలు నాదే కాబట్టి.

ముందుగా ఒక మాట. గుర్రం మీద వేసేదానికి మన భాషలో జీను అనే చక్కని పదం ఉంది. ఆ లెక్కన మోటారుసైకిలు సీటును కూడా జీను అనవచ్చునేమో అని చాలా రోజులు ఉబలాటపడ్డాను. కానీ మా ఊరి సీటు మేస్త్రీ దగ్గర ఆ మాట అంటే ఆయన నన్ను జట్కాబండి వాడిననుకున్నాడు. కనుక ఈ టపాలో సీటు సీటే. అయితే జీను సంగతిలో మనవాళ్ళకు తెలిసిన ఒక విషయం సీటు సంగతిలో మరచిపోయాం. జీను గుర్రానికీ కుదరాలి, ఎక్కేవాడికీ కుదరాలి. మోటారుసైకిలుకు వచ్చేసరికి ఆ ఇద్దరితో పాటు మూడో ప్రాణి ఒకరున్నారు. వెనుక కూర్చునేవారు. సీటు కొనేటప్పుడు అంగట్లో సాధారణంగా కనిపించని మనిషి.

నా వాదన ఆ మూడో మనిషి గురించే. మన ప్రాంతంలో బండికి సీటు మార్చేవారు మొదట చూడవలసింది నడిపేవాడి సుఖం కాదని నా అభిప్రాయం. నడిపేవాడికి చేతులలో హ్యాండిలు ఉంటుంది, మోకాళ్ళ మధ్య ట్యాంకు ఉంటుంది, కాళ్ళకు రెండు ఆనికలు ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, గుంట వస్తున్నదని ముందుగా తెలుస్తుంది. వెనుక కూర్చున్నవారికి ఇవేవీ లేవు. వారికి ఉన్నదల్లా సీటే. చీర కట్టుకుని రెండు కాళ్ళూ ఎడమవైపు వేసుకుని కూర్చునే ఆడవారి మాట మరీను.

మా అమ్మ ఒక రెండేళ్ళపాటు ఎక్కడికీ రానంది. పామర్రులో పిన్ని ఇంటికి రమ్మంటే మోకాళ్ళంది. గుడివాడలో పెళ్ళికి రమ్మంటే ఎండంది. మాఘమాసంలో భీష్మ ఏకాదశికి మొదలై పదిహేను రోజులు సాగే వీరమ్మతల్లి తిరునాళ్ళకు ఊరంతా కదులుతుందే, ఆ తిరునాళ్ళకు కూడా "మీరు వెళ్ళి రండి, నేను ఇంటినుంచే దణ్ణం పెట్టుకుంటాను" అంది. వయసు మీద పడుతున్నది కదా అని మేమందరం సరిపెట్టుకున్నాం. నేనైతే ఆమెను విశ్రాంతి తీసుకోనిస్తున్నాననే తృప్తితో కూడా ఉన్నాను. ఆ రెండేళ్ళూ నా బండికి ఉన్నది బొటనవేలితో ఎంచిన ఆ సీటు.

దాని వర్ణన చెప్పాలి. ముందుభాగం పల్లంగా, వెనుకభాగం ఒక మెట్టు ఎత్తుగా, తోక సన్నగా ఉండేది. పైన నిగనిగలాడే నల్లని రెగ్జిను, ఎర్ర దారంతో కుట్లు. పందెపు బండ్ల పోలికలు మన రోడ్ల మీదికి దిగిన తరువాత ఈ ఆకారానికి మోజు పెరిగింది. 2011లో యమహా వారి ఆర్15 రెండవ రూపం ముందొకటి, వెనుకొకటి విడివిడి సీట్లతో వచ్చింది. వెనుకది ముందుదానికంటే బాగా ఎత్తు. పందెపు బండి పోలికలో చేసిన బండికి అది చెల్లుతుంది. వెనుక కూర్చునే కుర్రవాడు రెండువైపులా కాళ్ళు వేసి, ముందువాడి వీపు మీదికి వాలి కూర్చుంటాడు. ఆ ఆకారాన్నే చిన్నది చేసి వంద సీసీ బండ్లకు తొడిగే సీట్లు బజారులో దొరుకుతాయి. ఆ వంద సీసీ బండి మీద కూర్చునేది ఎవరు? పొలం నుండి వచ్చే రైతు, ఆయన వెనుక ఎరువుబస్తానో, ఇల్లాలో, తల్లో.

ఇక్కడ ఒక కొలత సంగతి ఉంది. అంగడివాడు చెప్పడు, నాకూ చాలా ఆలస్యంగా తట్టింది. రెండువైపులా కాళ్ళు వేసుకుని కూర్చునేవాడికి సీటు పొడవు ముఖ్యం. అడ్డంగా కూర్చునేవారికి సీటు వెడల్పే ముఖ్యం. కుర్చీలో వీపు దగ్గరినుండి తొడల దాకా ఎంత లోతుందో చూసుకుంటాం కదా, పక్కకు తిరిగి కూర్చున్న మనిషికి సీటు వెడల్పే ఆ లోతు. తోక సన్నగా ఉన్న సీటు మీద అడ్డంగా కూర్చుంటే, జానెడు వెడల్పు గల పీట అంచున కూర్చున్నట్టే. తొడకు ఆనిక ఉండదు. వెనుకకు జరిగితే అవతలి అంచు దాటిపోతుంది. ఆపైన సీటు కాస్తంత ముందుకు వాలి, రెగ్జిను నున్నగా ఉంటే, బ్రేకు వేసిన ప్రతిసారీ మనిషి జారి నడిపేవాడి వీపుకు గుద్దుకుంటుంది. రెండువైపులా కూర్చున్నవాడైతే మోకాళ్ళతో బిగించుకుంటాడు. అడ్డంగా కూర్చున్నవారికి బిగించడానికి ఏముంది? ఒక చెయ్యి వెనుక కడ్డీ మీద, ఇంకో చెయ్యి కొడుకు భుజం మీద. రెండూ నొప్పి పుడతాయి.

మా అమ్మ ఇదంతా చెప్పలేదు. ఆడవారు ఇలాంటివి చెప్పరు. ఒకసారి కంకిపాడు నుండి వస్తుండగా స్పీడు బ్రేకరు దగ్గర ఆమె చెయ్యి నా భుజం మీద బిగుసుకున్నది. ఇంటికి వచ్చి చొక్కా విప్పితే గోళ్ళ గుర్తులు. అప్పుడు కూడా నేను ఆమెతో "భయపడకమ్మా, నేను నెమ్మదిగానే నడుపుతున్నాను కదా" అన్నాను. నా డ్రైవింగు గురించి నాకంత నమ్మకం. తిరునాళ్ళకు రానన్నది ఆ తరువాతి సంవత్సరమే.

"అసలు ఆడవారు కూడా రెండువైపులా కాళ్ళు వేసుకుని కూర్చోవాలి, అదే క్షేమం" అని మిత్రులొకరు నాతో వాదించారు. నిజమే. నేను కాదనను. పంజాబీ డ్రెస్సు వేసుకునే మా అమ్మాయికి నేనూ అదే చెబుతాను. కానీ అరవై దాటి, ఆరుగజాల చీర కట్టి, మోకాలు ఎత్తలేని మనిషికి ఆ సలహా ఇవ్వడం సీటు మార్చనందుకు వెదుక్కునే సాకు. మన చట్టం కూడా ఆ మనిషిని మరచిపోలేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 128వ సెక్షను ప్రకారం వెనుక ఒక్కరినే ఎక్కించుకోవాలి, ఆ ఒక్కరు కూర్చునేది కూడా బండికి గట్టిగా బిగించిన సరైన సీటు అయివుండాలి. 1989 నాటి కేంద్ర నిబంధనలలో 123వది మరీ వివరంగా ఉంటుంది. వెనుకవారు పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి, కాళ్ళకు ఆనిక ఉండాలి, వెనుక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలి. మనం చీర గార్డు అనేది అదే. ఈ నిబంధన రాసినవాడెవరో గాని, తన తల్లిని బండి మీద ఎక్కించుకున్నవాడే కాబోలు అనిపిస్తుంది. కొత్త సీటు వేయించుకునేటప్పుడు "అందం చెడుతుంది" అని చీర గార్డునూ వెనుక కడ్డీనీ విప్పించేసే కుర్రవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రెండూ తీసివేసిన బండి మీద వాళ్ళమ్మ ఎక్కనే ఎక్కదని వాళ్ళ ధీమా. ఒకనాడు అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే తెలుస్తుంది.

ఇక మెత్తదనం సంగతి. బొటనవేలు అబద్ధం చెబుతుంది. వేలితో నొక్కినప్పుడు మనకు తెలిసేది పై అరంగుళం స్వభావమే. మనిషి కూర్చున్నప్పుడు బరువంతా పిరుదుల కింది రెండు ఎముకల మీద పడుతుంది. మెత్తని స్పాంజి ఆ రెండు చోట్లా నలిగిపోయి, పది నిమిషాలకు ఎముకలు కింది రేకునో ప్లాస్టిక్ పానునో తాకుతాయి. ఇక ఆ తరువాత ప్రయాణం రేకు మీదే. గట్టి స్పాంజి మొదట్లో మొరటుగా తోచినా, బరువును ఎక్కువ మేరకు పరుస్తుంది కాబట్టి గంట గడిచినా అలాగే ఉంటుంది. బస్సులో కొత్త సీటు మీద కూర్చున్నప్పటి సుఖానికీ బందరు చేరేసరికి ఉండే సుఖానికీ తేడా గమనించినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. దుకాణాలలో "నలభై డెన్సిటీ" అని అంటూంటారు. ఘనపు మీటరు స్పాంజి నలభై కిలోలు తూగుతుందని దాని అర్థం. అది మన్నికకు గుర్తే గాని గట్టిదనానికి గుర్తు కాదు. ఒకే డెన్సిటీలో మెత్తనిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. అంకె విని మురిసిపోయి కొన్నవారిలో నేనొకణ్ణి.

మన రోడ్ల మీద ఈ తేడా మరీ తెలుస్తుంది. విజయవాడ నుండి ఉయ్యూరు మీదుగా బందరు పోయే రోడ్డు, పూర్వం తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై ఐదో నంబరు, నాలుగు వరుసలై బాగానే ఉంది. దాని నుండి పక్కకు దిగితేనే అసలు కథ. మనది డెల్టా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. దాని మీద పరచిన రోడ్డు ఏటేటా అలలలాగా లేస్తూ కుంగుతూ ఉంటుంది. కాలువ గట్ల మీది రోడ్లైతే ఒక పక్కకు జారుతుంటాయి కూడా. గుంటను తప్పించవచ్చు గాని అలను తప్పించలేం. అల మీద బండి లేచి పడినప్పుడు మెత్తని సీటు మీది మనిషి మొదట కూరుకుపోతుంది, తరువాత ఎగురుతుంది. పాత రాజ్‌దూత్‌ల మీద, పాత బుల్లెట్ల మీద స్ప్రింగుల సీటు ఉండేది గుర్తుందా? ముందు ఒంటి సీటు, దాని కింద రెండు స్ప్రింగులు, వెనుక వేరుగా ఇంకో చిన్న సీటు. వాటిని పొగిడేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. నడిపేవాడికి బాగానే ఉండేది. వెనుక చిన్న సీటు మీద కూర్చుని వచ్చిన మా మేనత్తను అడిగితే వేరే మాట చెబుతుంది.

నాకు కళ్ళు తెరిపించింది మా ఊరి సీటు మేస్త్రీయే. రెగ్జిను చిరిగిందని వెళితే ఆయన సీటును తిప్పి చూసి, "ఇంట్లో ఆడవాళ్ళు ఎక్కుతారా బాబూ దీని మీద?" అని అడిగాడు. మా అమ్మగారు ఎక్కేవారు, ఇప్పుడు ఎక్కడం లేదన్నాను. "ఎట్టా ఎక్కుతారండీ" అన్నాడాయన. అంతే. రెండేళ్ళుగా నాకు తట్టనిది ఆయనకు సీటు తిప్పి చూసినంతలో తట్టింది. "పాత సీటు పారేశారా?" అన్నాడు. అదృష్టవశాత్తు అటక మీద ఉంది. "అది పట్టుకు రండి. అమ్మగారిని కూడా తీసుకురండి, కూర్చోబెట్టి చూద్దాం" అన్నాడు.

పాత సీటు ఎందుకన్నది నాకు అప్పుడు అర్థం కాలేదు. బండితో వచ్చిన సీటుకు స్పాంజి పాడైపోయినా పాను ఆ బండి కోసమే చేసినది. ముందు నాలుక ట్యాంకు కింద పట్టీలోకి సరిగ్గా దూరుతుంది, వెనుక బోల్టులు చిల్లులకు సరిపోతాయి. కింద ఉండే రబ్బరు బుష్షులు ఫ్రేము మీద సరిగా ఆనుతాయి. ఆ బుష్షులే అసలు బరువు మోసేవి. రెడీమేడ్ సీట్లలో "అన్ని మోడళ్ళకూ సరిపోతుంది" అని అమ్మేవాటికి ఈ బుష్షులు గాలిలో తేలుతుంటాయి. బరువంతా బోల్టుల మీద పడి కొన్నాళ్ళకు పాను చిట్లుతుంది, లేదా సీటు కటకటలాడుతుంది. ఒకే పేరు గల బండి కూడా ఏళ్ళు గడిచేకొద్దీ పక్క డొప్పలూ పట్టీలూ మారుతుంటాయి. కాబట్టి రెడీమేడ్ సీటే కొనాలనుకుంటే బండి తీసుకువెళ్ళి, అక్కడే బిగించి, సీటు అంచులు పట్టుకుని నాలుగువైపులా కదిపి చూడాలి. కదిలిందా, వద్దని చెప్పి వచ్చేయడమే. దుకాణదారుడి మొహమాటానికి కొన్న సీటు ఎంతకాలం బాధిస్తుందో నేను చెప్పాను కదా.

మేస్త్రీ పాత పాను మీది స్పాంజి పూర్తిగా పీకేశాడు. గట్టి స్పాంజి రెండు పొరలు అతికి, పైన అరంగుళం మాత్రం మెత్తనిది పెట్టాడు. అమ్మను స్టాండు వేసిన బండి మీద కూర్చోబెట్టి, ఎక్కడ ఒత్తుతున్నదో అడిగి సుద్దముక్కతో గీతలు గీశాడు. "ఇక్కడ ఎముక తగులుతోందా అమ్మా? ఇక్కడ?" అని ఆయన అడుగుతుంటే మా అమ్మ మొదట సిగ్గుపడి, తరువాత చెప్పడం మొదలుపెట్టింది. చెబుతూనే ఉంది. కాళ్ళ ఆనిక అందడం లేదన్నది. అది మరో రెండంగుళాలు ముందుకు ఉంటే బాగుండునన్నది. కడ్డీ చల్లగా ఉండదు, ఎండకు కాలుతుంది, గుడ్డ చుట్టాలన్నది. రెండేళ్ళుగా ఇవన్నీ ఆమె దగ్గర ఉన్నాయి. నేను అడగలేదు.

వెనుకభాగాన్ని ఆయన సమతలంగా, ఇంకా చెప్పాలంటే వెంట్రుకవాసి వెనుకకు వాలేటట్టు కోశాడు. పాను దాటి రెండు పక్కలా కొద్దిగా వెడల్పు తీశాడు. నడిపేవాడి భాగంలో మాత్రం అందుకు వ్యతిరేకంగా తొడల దగ్గర సన్నం చేశాడు. దీనికీ కారణముంది. కాలు నేలకు అందకపోవడానికి సీటు ఎత్తే కారణమని అందరూ అనుకుంటారు. స్ప్లెండర్ ప్లస్ సీటు ఎత్తు 785 మిల్లీమీటర్లు, ఇప్పటి క్లాసిక్ 350ది 805. తేడా 20 మిల్లీమీటర్లు, అంగుళం కూడా లేదు. అయినా పొట్టివారికి రెండోదాని మీద మరింత ఇబ్బంది కలిగితే, బరువు సంగతి అటుంచి, సీటు ముందుభాగం వెడల్పు కూడా ఒక కారణం. తొడలు పక్కలకు విచ్చుకుంటే కాలి పొడవు అందులోనే ఖర్చవుతుంది. స్పాంజి పైనుంచి కోసి ఎత్తు తగ్గించుకున్నవారు మోకాళ్ళు మరింత మడిచి కూర్చోవలసి వస్తుంది. కూర్చునే ఎముకలకూ పానుకూ మధ్య దూరం కూడా తరిగిపోతుంది. పక్కలు కోస్తే ఆ నష్టం లేదు.

రెగ్జిను విషయంలో మాత్రం మేస్త్రీతో నాకు చిన్న పేచీ వచ్చింది. నాకు మళ్ళీ నల్లదే కావాలి. ఆయన బూడిదరంగు గరుకుదే వేస్తానన్నాడు. రోహిణీ కార్తెలో బస్టాండు దగ్గర నీడలేనిచోట గంటసేపు నిలిపిన నల్ల సీటు మీద కూర్చున్నవారికి ఆయన ఎందుకన్నాడో తెలుస్తుంది. ఎండకు మందుగా కొందరు వలలాంటి నెట్ కవరు తొడుగుతారు. గాలి ఆడుతుంది, చల్లగానే ఉంటుంది, కానీ సీటు మీద అది జరుగుతూ ఉంటుంది. దాని మీద అడ్డంగా కూర్చున్నవారు దానితో పాటే జరుగుతారు. తువ్వాలు పరచడమూ అంతే. ఇక కుట్లు. పైన కూర్చునేచోట కుట్టు వస్తే ఎంత అందంగా ఉన్నా అది నీళ్ళకు దారి. తుపాను రోజుల్లో ఒకసారి స్పాంజి నీళ్ళు తాగిందంటే వారం రోజులు కూర్చున్నప్పుడల్లా బట్టలు తడుస్తాయి. కుట్లు పక్కలకు మాత్రమే రావాలి, రెగ్జిను కింద పల్చని పాలిథిన్ పొర ఉండాలి. నా ఎర్ర దారపు సీటుకు కుట్లన్నీ సరిగ్గా నడినెత్తిన ఉండేవి.

జెల్ పొరలు, గాలి దిండ్లు కూడా ఇప్పుడు దొరుకుతున్నాయి. ఎక్కువ దూరాలు ఒంటరిగా తిరిగేవారికి మంచివేనంటారు. జెల్ ఎండను పట్టి ఉంచుతుందన్నది ఒక్కటే నాకున్న అభ్యంతరం. మన వైపు అది చిన్న అభ్యంతరం కాదు.

మేస్త్రీ తీసుకున్నది రెడీమేడ్ సీటుకు నేను పోసినదానిలో సగం కూడా కాదు. కానీ డబ్బు కోసం ఆయన దగ్గరకు వెళ్ళమని నేను చెప్పడం లేదు. కూర్చునే మనిషిని పిలిపించి, కూర్చోబెట్టి, అడిగే పద్ధతి ఆయన దగ్గర ఉంది. కవరులో చుట్టి వచ్చిన సీటుకు, అది ఎంత పేరున్న కంపెనీదైనా, ఆ సదుపాయం లేదు. నాకు తెలిసి ఇటువంటి మేస్త్రీలు తగ్గిపోతున్నారు. ఈయన కొడుకు విజయవాడ ఆటోనగరులో కారు సీట్ల పనికి వెళుతున్నాడు.

సీటు బిగించిన రోజే తీర్పు చెప్పకూడదని కూడా ఆయనే అన్నాడు. కంకిపాడు దాకా వెళ్ళి రమ్మన్నాడు. వెళ్ళి వచ్చాం. ఎడమ అంచు కాస్త ఒత్తుతున్నదని అమ్మ చెబితే రెగ్జిను విప్పి మళ్ళీ కోశాడు. మరునాడు మళ్ళీ వెళ్ళి వచ్చాం.

ఆ నెలలోనే మా అమ్మ తనంతట తాను మోపిదేవి వెళదామన్నది. పామర్రు దగ్గర తిరిగి, కూచిపూడి మీదుగా, చల్లపల్లి దాటి, సుబ్రహ్మణ్యేశ్వరుడి గుడికి. దారిలో నా భుజం మీద చెయ్యి వేసింది గాని గోళ్ళు దిగలేదు. కూచిపూడిలో టీకి ఆపితే దిగి, సీటు వైపు చూసి, "అంతా బాగుంది గాని ఆ బూడిదరంగేమిట్రా, బండికి దిష్టి తీసినట్టుంది" అన్నది.

ఎర్ర కుట్ల సీటు ఇప్పుడు అటక మీద ఉంది. ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి అడిగారు, ఊరికే ఇచ్చినా చాలునన్నారు. వెనుక ఎవరు కూర్చుంటారని అడిగాను. ఇవ్వలేదు.